డోలీ భుజానికీ, డేగ రెక్కకీ... ఓ దణ్ణం!

అరకులోయ అనగానే మీకేం గుర్తొస్తుంది? సొరంగాల్లోంచి దూసుకుపోయే కిరండోల్ ప్యాసింజరు, బొర్రా గుహలు, పసుపు ఆరబోసినట్టుండే వలిసె పూలు, థింసా నాట్యం... రెండు రోజులు సరదాగా గడిపి, ఓ కాఫీ పొడి పొట్లం కొనుక్కుని దిగొచ్చేస్తాం. అంతేగా?

ఆ ఘాట్ రోడ్డు పక్కనే కొండ మీదికి పోయే కాలిబాటలు ఎన్నో ఉన్నాయి. వానాకాలంలో ఆ బాటన ఒక్కోసారి ఓ డోలీ దిగుతుంది. ఒక గెడకర్ర, దానికి ఉయ్యాలలా కట్టిన దుప్పటి, అందులో నొప్పులు పడుతున్న ఓ తల్లి. ముందు ఒకరు, వెనక ఒకరు కర్రని భుజానికెత్తుకుని నడుస్తుంటారు. భుజం వాచిపోతే వెంట వచ్చేవాళ్ళు మార్చుకుంటారు. పసిబిడ్డ కోసం దాచిన పాత చీర ముక్కలు మూట కట్టుకుని, మంచినీళ్ళ సీసా పట్టుకుని అత్తో, ఆడపడుచో వెనకాలే వస్తుంటుంది. తారు రోడ్డు చేరితేనే 108 బండి. ఈలోగా వాగు పొంగిందా... ఇక దేవుడే దిక్కు.

సరిగ్గా ఆ కొండల నుంచి సముద్రం వైపు చూస్తే విశాఖపట్నంలో మరో లోకం. అక్కడ నావికాదళం వారి విమాన స్థావరం ఉంది. 1991 అక్టోబర్ 21న మొదలైన దాని పేరేమిటో తెలుసా? 'ఐ.ఎన్.ఎస్. డేగ'. అచ్చ తెలుగు డేగే! ప్రమాదంలో ఉన్నవారి కోసం రెక్కలు విప్పుకుని బయల్దేరే హెలికాప్టర్లకి అదే గూడు.

ఒకటి డోలీ, ఒకటి డేగ. ఒకదానికొకటి పొంతనే లేదనిపిస్తోంది కదూ? కానీ రెండూ చేసే పని ఒక్కటే. ప్రాణం ఉండగానే మనిషిని వైద్యుడి దగ్గరికి చేర్చడం!

గాలిలో అరగంట... నేల మీద సగం రోజు

విశాఖ నుంచి అరకుకి రోడ్డు మీద నూటపది కిలోమీటర్లకి పైమాటే. ఘాట్ మలుపులన్నీ తిరిగి వెళ్ళేసరికి మూడు గంటలు సునాయాసంగా అయిపోతాయి. డోలీ నడక దీనికి అదనం. అదే గాలిలో సూటిగా వెళితే సుమారు 75 కిలోమీటర్లే. హెలికాప్టర్‌కి అరగంట కూడా పట్టదు.

అరగంటలో ఏమవుతుందండీ అంటారా? కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే రెండు మూడు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. తుపాకి గుండు తగిలిన జవానుకైనా, చెట్టు మీద నుంచి పడిన కూలీకైనా అంతే. డాక్టర్లు తొలి గంటని 'గోల్డెన్ అవర్' అనేది ఊరికే కాదు. రామాయణంలో లక్ష్మణస్వామి మూర్ఛపోతే హనుమంతుడు మందుల కొండనే పెకలించి తెచ్చాడు. ఈ రోజుల్లో కొండని తేలేం గనక కొండ మీది మనిషినే మందు దగ్గరికి తెస్తున్నారు.

అలాగని ప్రతి డోలీకీ హెలికాప్టర్ రాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. సైనిక హెలికాప్టర్లు వచ్చేది యుద్ధంలో, వరదలో, తుపానులో, మరే దారీ లేనప్పుడు ప్రభుత్వం అడిగితే. మన్యంలో రోజువారీ భారమంతా ఇప్పటికీ డోలీ మోసేవాళ్ళ మీద, 2005లో వచ్చిన 108 మీద, ఆ తర్వాత ఏజెన్సీలో ప్రవేశపెట్టిన మోటారు సైకిల్ అంబులెన్సుల మీదే.

రెక్కల వెనక ఎవరున్నారు?

హెలికాప్టర్ అనగానే మనం పైలట్నే తల్చుకుంటాం. కానీ అది ఒక్కరి పని కాదు. పక్కన మరో పైలట్ ఉంటాడు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కిందికి తొంగి చూస్తూ తాడు వదిలేవాడొకడు. మన నూతి గిలకలాంటిదే ఆ యంత్రం, 'వించ్' అంటారు. ఆ తాడు పట్టుకుని వరద నీళ్ళలోకో, మేడ మీదికో దిగేవాడు ఇంకొకడు. ఎక్కించాక రోగిని చూసుకునే డాక్టరో, వైద్య సహాయకుడో ఉంటాడు. ఇక నేల మీద రాత్రంతా యంత్రం విప్పి, తుడిచి, బిగించే సాంకేతిక సిబ్బంది సంగతి సరేసరి. వాళ్ళ పేర్లు పేపర్లో ఎప్పుడైనా చూశారా?

లోపల వైద్యం చేయడమూ మాటలు కాదు. రెక్కల హోరులో స్టెతస్కోపు పెట్టినా గుండె చప్పుడు వినబడదు. కంటితో చూసి, చేత్తో తడిమి, యంత్రంలో అంకెలు చూసి తెలుసుకోవాల్సిందే. ఆ ఊపులో సూది గుచ్చడం ఎంత కష్టమో ఆస్పత్రిలో పనిచేసే అక్కయ్యల్ని అడగండి!

చిన్నదైన 'చేతక్'లో రెండు స్ట్రెచర్లు పడతాయి. వాయుసేన వారి పెద్ద 'ఎం.ఐ-17'లో పన్నెండు దాకా అమర్చవచ్చు. 2022 జూలై 4న డేగలో 'కెస్ట్రెల్స్' అనే కొత్త దళం చేరింది. దేశంలోనే తయారైన దాని హెలికాప్టర్లలో అవసరమైతే చిన్నపాటి ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌నే బిగించి, పనయ్యాక తీసేయవచ్చు. కెస్ట్రెల్ అంటే ఏమిటో తెలుసా? అదీ డేగ జాతి పక్షే! అంతకుముందు 2009 నుంచి ఇక్కడ సేవ చేసిన 'యు.హెచ్-3హెచ్' అనే భారీ హెలికాప్టర్లకి 2024 జూన్ 28న వీడ్కోలు చెప్పారు.

బర్మా అడవుల్లో మొదలైంది

యుద్ధరంగం నుంచి క్షతగాత్రుల్ని హెలికాప్టర్‌లో తేవడం ఎక్కడ మొదలైందనుకున్నారు? మన పెద్దవాళ్ళు 'రంగం' అని పిలుచుకున్న రంగూన్ ఉన్న బర్మాలోనే. 1944 ఏప్రిల్ చివర్లో శత్రు సేనల మధ్య అడవిలో ఓ చిన్న విమానం కూలింది. అందులో పైలట్, గాయపడిన ముగ్గురు సైనికులు చిక్కుకున్నారు. అమెరికన్ పైలట్ లెఫ్టినెంట్ కార్టర్ హార్మన్ దగ్గరున్న హెలికాప్టర్‌లో ఒక్క మనిషికే చోటు. వేడికి ఇంజను మొరాయించేది. అయినా ఒక్కొక్కరినే తెస్తూ నలుగురినీ బయటికి చేర్చాడు.

ఎనభై ఏళ్ళు గడిచినా వేడి గాలి గుణం మారలేదు. వేడెక్కిన గాలి పల్చనవుతుంది, రెక్కలకి పట్టు దొరకదు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ ఇంకా పల్చన. పైపెచ్చు మన తూర్పు కనుమల్లో మబ్బు కొండల మీదే పడుకుంటుంది. లోయలో గాలి ఎటు తిరుగుతుందో తెలీదు. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో కూలి, అందులో ఉన్న ఐదుగురూ మరణించారు. ఆ నల్లమలా తూర్పు కనుమల్లోదే. అలాంటి గాలిలోకి 'నేను వెళతాను' అని బయల్దేరడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

మన ఆడపిల్లలూ ఉన్నారు

ఇదంతా మగవాళ్ళ వ్యవహారం అనుకుంటే పొరపాటే. 1999 కార్గిల్ యుద్ధంలో ఫ్లయిట్ లెఫ్టినెంట్లు గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ 'చీతా' హెలికాప్టర్లు నడిపి గాయపడిన జవాన్లని తరలించే పనిలో పాల్గొన్నారు. గుంజన్‌కి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. మన శ్రీదేవి కూతురు జాన్వీ కపూర్ 2020లో నటించిన సినిమా ఆవిడ కథే.

2019 మే 27న పైలట్లు పారుల్ భరద్వాజ్, అమన్ నిధి, ఫ్లయిట్ ఇంజనీర్ హీనా జైస్వాల్... ముగ్గురూ ఆడవాళ్ళే కలిసి ఎం.ఐ-17 నడిపారు. వాయుసేనలో అదే మొదటిసారి. ఆ పైలట్లిద్దరూ ఓనమాలు దిద్దుకున్నది ఎక్కడనుకుంటున్నారు? మన హైదరాబాద్ పక్కనున్న హకీంపేట హెలికాప్టర్ స్కూల్లోనే!

ఇక ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్ళ ధైర్యం వేరే. తుపాను హెచ్చరిక వస్తే మనం తలుపులు వేసుకుంటాం. క్వార్టర్స్‌లో ఉండే ఆ ఇల్లాలు మాత్రం తలుపు తీసి మనిషిని సాగనంపుతుంది. పిల్లాడి పరీక్షలు, గ్యాసు బండ, అత్తగారి బీపీ మాత్రలు... అన్నీ ఒంటి చేత్తో చూసుకుంటూ, ఫోను మోగితే ఉలిక్కిపడుతూ!

ఆ చప్పుడంటే భయం

నిజం చెప్పుకోవాలంటే మన్యంలో అందరికీ హెలికాప్టర్ చప్పుడు తీపి జ్ఞాపకం కాదు. పోలీసులకీ మావోయిస్టులకీ పోరు సాగిన ఏళ్ళలో ఆ చప్పుడు వినబడితే 'ఎక్కడో ఏదో జరిగింది' అని తల్లులు పిల్లల్ని ఇళ్ళలోకి లాక్కునేవారు. 2008 జూన్ 29న సరిహద్దుకి అవతల బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ వారి లాంచీ మీద దాడి జరిగి 38 మంది మరణించారు. 2016 అక్టోబర్ 24న మల్కన్‌గిరి జిల్లా రామ్‌గూడ దగ్గర ఎదురుకాల్పుల్లో మావోయిస్టులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. గాయపడిన ఇద్దరు గ్రేహౌండ్స్ కమాండోలని హెలికాప్టర్‌లో విశాఖ తెచ్చారు. ఒకరు దక్కలేదు.

ఆ సంఘటనల మీద ఎన్నో వాదోపవాదాలు. వాటి తీర్పు ఇక్కడ మన పని కాదు. కానీ స్ట్రెచర్ మీద ఉన్నవాడు ఎవరి బిడ్డ అయినా ఓ తల్లి బిడ్డే కదా? ఆ లెక్కన ప్రాణం పోసే రెక్కకి పక్షం లేదు. కొండ మీది తల్లికి ఆ చప్పుడు భయంగా కాక భరోసాగా వినబడాలంటే అది ఆపదలో ఆమె కోసం కూడా రావాలి.

మొదటి చెయ్యి ఎవరిది?

వచ్చిన సందర్భాలు మనకున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని, అరకు కొండల్ని అతలాకుతలం చేసినప్పుడు నావికాదళం హెలికాప్టర్లు సహాయ చర్యల్లో పాల్గొన్నాయి. 2021 నవంబర్ 19న అనంతపురం జిల్లాలో చిత్రావతి పొంగి, జేసీబీ మీద చిక్కుకుపోయిన పదిమందిని వాయుసేన హెలికాప్టర్ కాపాడింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఆకాశం నుంచే అన్నం పొట్లాలు దిగాయి.

అయితే ఈ కథల్లో ఓ విషయం గమనించారా? చాలాచోట్ల రెక్కల కంటే ముందు చేరింది మామూలు మనుషుల చేతులే!

2019 సెప్టెంబర్ 15న పాపికొండల దగ్గర కచ్చులూరులో పర్యాటకుల బోటు మునిగింది. ఆ తర్వాత నావికాదళం హెలికాప్టర్, గజ ఈతగాళ్ళు వచ్చి గాలించారు. కానీ బతికి బయటపడిన 26 మందిని కాపాడడానికి నాటు పడవలతో ముందుగా పరుగెత్తింది ఒడ్డునున్న తూటుగుంట గ్రామస్థులు. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుంటే హెలికాప్టర్ కోసం ప్రయత్నించారు. వాతావరణం ఒప్పుకోలేదు. చివరికి ఓ జేసీబీ డ్రైవర్ ప్రాణాలకి తెగించి వెళ్ళి వాళ్ళని తెచ్చాడు.

మన తూర్పు కనుమలు దక్షిణాన నీలగిరుల దగ్గర పడమటి కనుమల్ని కలుస్తాయి. ఆ నీలగిరుల్లోనే 2021 డిసెంబర్ 8న త్రివిధ దళాల అధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలింది. ఆ పద్నాలుగు మందిలో మన చిత్తూరు జిల్లా బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ కూడా ఉన్నాడు. మంటల వైపు మొదట పరుగెత్తిందెవరు? నంజప్పసత్రం అనే చిన్న ఊరి జనం. స్ట్రెచర్లు లేకపోతే ఇళ్ళలోంచి దుప్పట్లు తెచ్చిచ్చారు. ఆ దుప్పట్లలోనే క్షతగాత్రుల్ని మోశారు. అదీ డోలీయే కదండీ!

ఎవరూ బతకలేదు. కొనఊపిరితో దక్కిన ఒక్క అధికారీ వారం తర్వాత కన్నుమూశాడు. అయినా సైన్యం ఆ ఊరిని మరిచిపోలేదు. కొద్ది రోజులకే అధికారులు వచ్చి, గ్రామస్థులకి చేతులెత్తి కృతజ్ఞతలు చెప్పి, దుప్పట్లు, సరుకులు పంచారు. ఏడాదిపాటు ఊరిని దత్తత తీసుకుని నెలనెలా వైద్య పరీక్షలు చేయిస్తామన్నారు. కృతజ్ఞత అంటే అది. సైనికుడికి మనం చెప్పేదే కాదు, సైనికుడు మనకి చెప్పేది కూడా!

మేడ మీద రాసిన 'థ్యాంక్స్'

2018 ఆగస్టు కేరళ వరదలు గుర్తున్నాయా? ఆగస్టు 17న ఆలువ దగ్గర నిండు చూలాలొకామె నీళ్ళ మధ్య చిక్కుకుంది. ఉమ్మనీరు పోయింది. కమాండర్ విజయ్ వర్మ హెలికాప్టర్‌ని గాలిలో నిలబెడితే, ముందు ఓ డాక్టర్ తాడు మీద దిగి ఆమెని పరీక్షించాడు. తర్వాత ఆమెని జాగ్రత్తగా పైకి లాగారు. కొచ్చిలోని నావికాదళ ఆస్పత్రిలో పండంటి మగబిడ్డ పుట్టాడు. ఆ ఆస్పత్రి పేరు వింటే మీకూ ఒళ్ళు జలదరిస్తుంది... 'సంజీవని'!

అదే రోజు మరో మేడ మీద నుంచి ఇద్దరు స్త్రీలని కాపాడారు. కొద్ది రోజుల తర్వాత ఆ మేడ మీద తెల్ల రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు కనిపించాయి. 'థ్యాంక్స్' అని! నేల మీది వాళ్ళకి కనబడదు. ఆకాశంలో ఎగిరేవాళ్ళకే కనబడుతుంది. ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పినట్టు.

మనమేం చేయగలం?

చప్పట్లు, దండలు మంచివే. కానీ అంతకంటే పనికొచ్చేవి ఉన్నాయి.

మొదటిది, ఓ ఉత్తరం. రోగిని ఆస్పత్రిలో దింపి వెళ్ళిపోయిన సిబ్బందికి ఆ మనిషి ఏమయ్యాడో చాలాసార్లు తెలియదు. అప్పటికే మరో పిలుపు. మీ ఇంట్లోనో, ఊళ్ళోనో అలా బతికినవారుంటే 'మీరు తెచ్చిన మనిషి ఇల్లు చేరాడు, అన్నం తింటున్నాడు' అని కార్డు ముక్క రాయించండి. పోయినా సరే, 'చివరి చూపు దక్కింది' అని రాయండి. కలెక్టరాఫీసు ద్వారా పంపితే చేరుతుంది.

రెండు, డిసెంబర్ 7. 1949 నుంచి ఆ రోజు సాయుధ దళాల పతాక దినం. మీ పిల్లలు బడి నుంచి తెచ్చే చిన్న జెండాకి ఇచ్చే డబ్బు వీరపత్నులకి, వికలాంగులైన జవాన్లకి, మాజీ సైనికులకి వెళుతుంది. రూపాయి పడేసి ఊరుకోకుండా, అదెందుకో పిల్లలకి చెప్పండి.

మూడు, మీ వీధిలో సైనికుడి కుటుంబం ఉంటే పండగపూట ఓ గిన్నె పాయసం పట్టుకెళ్ళండి. ఆయన రిటైరైనా సరే.

నాలుగు, డోలీ మోసిన వాళ్ళకి కూడా ఓ దణ్ణం పెట్టండి. దణ్ణంతో ఆగకుండా, 'ఆ ఊరికి రోడ్డు ఎప్పుడు?' అని అడగండి. రోడ్డున్న ఊరికి హెలికాప్టర్ అక్కర్లేదు.

హెలికాప్టర్ దిగుతోందంటే...

* కనీసం 30 మీటర్ల పొడవు, వెడల్పు ఉన్న చదును నేల చూడండి. బడి మైదానం, కోత అయిన పొలం మంచివి. పైన కరెంటు తీగలు ఉండకూడదు.

* గాలి ఎటు వీస్తోందో పైలట్‌కి తెలియాలి. పక్కగా, దూరంగా కాస్త పొగ పెట్టండి. లేదా కర్రకి చీర ముక్క కట్టి నిలబెట్టండి.

* ఆరేసిన బట్టలు, టార్పాలిన్లు, ప్లాస్టిక్ సంచులు తీసేయండి. పిల్లల్ని, పశువుల్ని దూరంగా పట్టుకోండి.

* పైలట్ సైగ చేసేదాకా ఎవరూ కదలొద్దు. ఆ తర్వాత అతనికి కనబడేలా ముందు వైపు నుంచి, వంగి వెళ్ళాలి. తోక వైపు అస్సలు వెళ్ళొద్దు.

* వాలు నేల అయితే ఎగువ వైపు నుంచి దిగుతూ రావద్దు. అటువైపు రెక్క మన తల ఎత్తులోనే తిరుగుతుంటుంది.

* కొంగు బిగించి దోపుకోండి. తలగుడ్డ తీసేయండి. డోలీ కర్రని నిలబెట్టి పట్టుకోవద్దు, నేలకి సమాంతరంగా, కిందికే ఉంచండి. గొడుగు, సెలైన్ సీసా పైకెత్తొద్దు.

* పై నుంచి తాడు దిగితే దాని కొక్కెం నేలనో నీటినో తాకేదాకా ముట్టుకోవద్దు. షాక్ కొడుతుంది.

* రోగి పేరు, వయసు, ఎన్నో నెల, ఇచ్చిన మందులు ఓ కాగితం మీద రాసి బట్టకి పిన్నుతో గుచ్చండి.

చూశారా, మొదటి చెయ్యి సరిగా పడితేనే చివరి రెక్క పనిచేస్తుంది. ఈసారి అరకు వెళ్ళినప్పుడు ఆ ఘాట్ మలుపు దగ్గర ఓ నిమిషం ఆగండి. కాలిబాటలో డోలీ కనిపిస్తే దారివ్వండి, వీలైతే మీ కారూ ఇవ్వండి. ఆకాశంలో చప్పుడు వినబడితే మీ పాపాయిని ఎత్తుకుని చెయ్యి ఊపమనండి. పైనున్నవాళ్ళు ఆ చిన్న చెయ్యిని చూడకపోవచ్చు. కానీ ఆ చెయ్యి ఎందుకు ఊపాలో పాపాయికి తెలుస్తుంది. అది చాలదూ?